ఫోటోగ్రఫీ డిగ్రీ ప్రిపరేషన్: పోర్ట్‌ఫోలియో నుంచి ఫైనల్ వైవా దాకా నా అనుభవం

ఫోటోగ్రఫీలో డిగ్రీ చేద్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగే మాట "ఏ కెమెరా కొనాలి?" అని. కోర్సు పూర్తయ్యాక చెబుతున్నా, ప్రవేశ పరీక్షలోగానీ సెమిస్టర్ పేపర్లలోగానీ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మాన్యువల్ మోడ్ ఉంటే పాత కెమెరాతోనైనా మొదటి ఏడాది గడిచిపోతుంది. వాళ్ళు అడిగేవి వేరు. ఈ ఫోటో ఎందుకు తీశారు, వెలుగు ఎటునుంచి పడుతోంది, ఇదే చోట ఇంకేం తీశారు, వాటినెందుకు పక్కన పెట్టారు. చక్కటి ఫోటోలు తీసేవాళ్ళు కూడా ఇక్కడ నీళ్ళు నమలడం చూశాను. కన్ను, చెయ్యి చేసిన పనికి నోటితో, పెన్నుతో లెక్క చెప్పడం నేర్చుకోవాలి. నా ప్రిపరేషన్ మొత్తం దీని చుట్టూనే తిరిగింది.

ముందు పోర్ట్‌ఫోలియో. ఎన్ని ఫోటోలు పెట్టాలో నోటిఫికేషన్‌లో చెబుతారు, దాన్ని దాటకండి. ఎంపిక స్క్రీన్ మీద చేయొద్దు. చిన్న సైజు ప్రింట్లు తీయించి నేలమీద పరిచి, రోజులో రెండు మూడుసార్లు అటుగా వెళ్తూ వరుస మార్చండి. ఒకే మాట చెబుతున్న రెండు ఫోటోలు పక్కపక్కన పడ్డప్పుడు ఏది తీసెయ్యాలో దానంతటదే తేలిపోతుంది. సూర్యాస్తమయం, పువ్వు, ముడతలు పడ్డ ముఖం, నీటిలో ప్రతిబింబం... ఇలా తలా ఒకటి పెట్టి "అన్నీ వచ్చు" అని చూపించడం కంటే, ఒకే విషయాన్ని నాలుగైదు ఫోటోల్లో పట్టుకుని చూపిస్తే ఇంటర్వ్యూలో మాట్లాడడానికి మీకే సరుకు ఉంటుంది. కాంటాక్ట్ షీట్లు (తీసిన ఫ్రేములన్నీ చిన్నచిన్నగా వరుసలో ఉండే ప్రింట్లు) వెంట తీసుకెళ్ళండి. ఎంచుకున్న ఫోటోకి ముందు, వెనక ఏం తీశారో అడిగితే వెంటనే చూపించొచ్చు.

ఇక థియరీ. ఇందులో ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి అందే వెలుగు లెక్క, ఎక్కాల్లా నోటికి రావాలి. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ నంబర్లతో మొదలుపెట్టండి: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఈ అంకెలు ఎందుకిలా ఉన్నాయన్నది వైవాలో పాత ప్రశ్నే, అయినా సగం మంది ఆగిపోతారు. లెన్స్ రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్నిబట్టి ఉంటుంది. వెలుగు సగం కావాలంటే వైశాల్యం సగం కావాలి, అంటే వ్యాసాన్ని 2 వర్గమూలంతో, అంటే సుమారు 1.4తో భాగించాలి. వెలుగు ఇలా సగమో రెట్టింపో అయ్యే ఒక్కో మెట్టునే స్టాపు అంటారు. అందుకే ప్రతి స్టాపుకీ అంకె 1.4 రెట్లు పెరుగుతుంది. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) ఎఫ్ నంబర్‌తో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుంది కాబట్టి 50 మి.మీ. లెన్స్‌కి ఎఫ్/2 దగ్గర 25 మి.మీ., ఎఫ్/4 దగ్గర 12.5 మి.మీ. ఇంతవరకు కాగితం మీద రాస్తే అంకె పెద్దదైతే రంధ్రం ఎందుకు చిన్నదవుతుందో మళ్ళీ బట్టీ పట్టక్కర్లేదు.

కెమెరా లేకుండానే నేను చేసిన సాధన ఒకటుంది. బయట ఎక్కడ నిలబడినా, మంచి ఎండలో ఎఫ్/16 పెడితే షటర్ స్పీడు (షటర్ తెరిచి ఉండే సమయం) సెకనుని ఐఎస్ఓ అంకెతో (వెలుగుకి ఫిల్మ్ లేదా సెన్సర్ ఎంత స్పందిస్తుందో చెప్పేది) భాగించినంతకి దగ్గరగా ఉంటుందన్న సూత్రంతో మొదలుపెట్టి, మనసులోనే మార్చుకుంటూ పోవడం. ఐఎస్ఓ 400 అయితే ఎఫ్/16 దగ్గర 1/400. అదే ఎఫ్/8 అయితే రెండు స్టాపుల వెలుగు ఎక్కువ, కాబట్టి 1/1600. నీడలోకి వెళ్తే ఎంత, మబ్బు కమ్మితే ఎంత? ముందు అంచనా వేసి తర్వాత వెలుగుని కొలిచే లైట్ మీటర్‌తో సరిచూసుకోవాలి. కొన్నాళ్ళకి అంచనా ఒక స్టాపు లోపలకి వచ్చేస్తుంది. పేపర్లో సమానమైన ఎక్స్‌పోజర్ల లెక్కలు ఇచ్చినప్పుడు దీనివల్ల నాకు బోలెడు సమయం మిగిలింది.

విలోమ వర్గ నియమం పుస్తకంలో ఒక్క వాక్యమే (దీపానికి దూరం రెట్టింపైతే పడే వెలుగు నాలుగో వంతవుతుంది), కానీ లైటింగ్ ప్రాక్టికల్ అంతా దానిమీదే నడుస్తుంది. చీకటి గదిలో గొట్టం, షేడ్ ఏవీ లేని ఒక దీపం పెట్టి మీరే చూడండి. దీపానికి మీటరు దూరంలో మనిషి, రెండు మీటర్ల దూరంలో వెనక గోడ ఉంటే, గోడ మీద పడే వెలుగు మనిషి మీద పడేదానిలో నాలుగో వంతు. అంటే రెండు స్టాపులు తక్కువ, గోడ చీకటిగా వస్తుంది. మనిషినీ గోడనీ కదపకుండా దీపాన్ని మాత్రం వెనక్కి జరిపి మనిషికి నాలుగు మీటర్ల దూరంలో పెడితే గోడకి దూరం అయిదు మీటర్లవుతుంది. ఇప్పుడు రెంటి మధ్యా ఒక స్టాపు తేడా కూడా ఉండదు. ఒకే గోడ ఒకసారి నల్లగా, ఒకసారి బూడిదరంగులో! ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి కింద దూరాలు రాసి రికార్డులో అంటించాను. పరీక్షలో జవాబు రాస్తున్నప్పుడు సూత్రం కన్నా ముందు ఆ గోడే గుర్తొచ్చింది.

తరచుగా పప్పులో కాలేయించే ప్రశ్న ఇంకొకటి: టెలీ లెన్స్ (దూరంలో ఉన్నవాటిని పెద్దగా చూపే లెన్స్) వెనకున్నవాటిని దగ్గరకి లాగుతుందా? లాగదు. వస్తువుల సైజుల మధ్య నిష్పత్తి మీరు నిలబడ్డ దూరాన్నిబట్టి ఉంటుంది. కదలకుండా అదే చోటునుంచి 24 మి.మీ.తో ఒకటి, 85 మి.మీ.తో ఒకటి తీసి, మొదటిదాని మధ్యభాగాన్ని కత్తిరించి పెద్దది చేయండి. నాణ్యత తగ్గుతుందేమోగానీ ముందువెనకల సంబంధం రెండింట్లోనూ ఒక్కటే. టెలీ వాడేటప్పుడు మనం దూరం జరుగుతాం, అందుకే లాగినట్టు అనిపిస్తుంది. ఇది ఉదాహరణతో చెప్పగలిగితే ఎగ్జామినర్ తర్వాతి ప్రశ్న అడిగే తీరే మారిపోతుంది.

హైపర్‌ఫోకల్ దూరం లెక్క ఒకసారైనా చేత్తో చేయండి. ఫోకల్ లెంగ్త్ వర్గాన్ని ఎఫ్ నంబర్, సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్‌ల (కంటికి ఇంకా చుక్కలాగే కనిపించే మసక వలయపు గరిష్ఠ సైజు) లబ్ధంతో భాగించి, దానికి ఫోకల్ లెంగ్త్ కలపాలి. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/8, ఫుల్‌ఫ్రేమ్‌కి (36×24 మి.మీ. సెన్సర్) సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ 0.03 మి.మీ. తీసుకుంటే సుమారు పదిన్నర మీటర్లు. అక్కడ ఫోకస్ చేస్తే దానిలో సగం దూరం నుంచి అనంతం దాకా ఆమోదించదగ్గ స్పష్టత ఉంటుంది. "ఆమోదించదగ్గ" అన్న మాట జవాబులో వదిలేయకండి. సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ అంటే ఏమిటో దానితోనే తెలుస్తుంది.

డార్క్‌రూమ్ గురించి రెండు మాటలే. బొమ్మని బయటికి తెచ్చే డెవలపర్, ఆ పని ఆపే స్టాప్ బాత్, బొమ్మని నిలిపే ఫిక్సర్, చివరికి కడగడం. ఏది ఏం చేస్తుందో, ఉష్ణోగ్రత మారితే ఏమవుతుందో తెలిస్తే చాలు. కోర్సులో ఫిల్మ్ ఉంటే రసాయనాలు చేతికి పట్టిన తర్వాత ఇది చదవక్కర్లేదు.

చరిత్ర దగ్గర చాలామంది విసుక్కుంటారు. పేర్లు, సంవత్సరాలు జాబితాగా చదివితే నాకూ నిద్రే వచ్చేది. "అప్పటికి మిగిలిన ఇబ్బంది ఏమిటి, తర్వాతివాడు దేన్ని తీర్చాడు" అని చదవడం మొదలుపెట్టాక అదే నాకు ఇష్టమైన పేపరయింది. 1826-27 ప్రాంతంలో నియెప్స్ తన కిటికీలోంచి తీసిన దృశ్యానికి గంటల తరబడి ఎక్స్‌పోజర్ కావాల్సొచ్చింది. 1839లో ప్రకటించిన డాగెర్ పద్ధతిలో సమయం బాగా తగ్గి, వెండిపూత రాగిరేకు మీద అద్భుతమైన వివరం వచ్చింది. కానీ ఒక్కటే ప్రతి, దానికి నకలు లేదు. టాల్బట్ 1841లో పేటెంట్ తీసుకున్న కాలోటైప్‌లో కాగితపు నెగటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయొచ్చు, అయితే కాగితం పీచువల్ల వివరం మెత్తబడింది. 1851లో ఆర్చర్ కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని గాజు పలక మీదకి తెచ్చి వివరాన్నీ నకళ్ళనీ కలిపాడు. అయితే పలక తడి ఆరకముందే తీసి, డెవలప్ చేయాలి. అందుకే ఆనాటి ఫోటోగ్రాఫర్లు డార్క్‌రూమ్ గుడారాన్ని వెంట మోసుకెళ్ళేవారు. 1871లో మాడక్స్ తెచ్చిన జెలటిన్ డ్రై ప్లేట్ (ముందే పూసి ఆరబెట్టిన పలక) ఆ గుడారాన్ని దించేసింది. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా వంద ఫోటోల రోల్‌తో వచ్చింది, అయిపోయాక కెమెరానే ఫ్యాక్టరీకి పంపేయడం. గొలుసు ఇలా పట్టుకుంటే ఒక సంవత్సరం మరిచిపోయినా జవాబు కూలిపోదు.

దీనికి బొమ్మలు తోడవ్వాలి. 1838లో డాగెర్ పారిస్‌లో తీసిన బులెవార్ద్ దు తాంప్ల్ వీధి దృశ్యం చూడండి. రద్దీ వీధే, కానీ ఎక్స్‌పోజర్ నిమిషాల్లో ఉండడంతో కదిలేవాళ్ళెవరూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిపోయిన మనిషి ఆకారం మాత్రం నిలిచింది. టెక్నిక్ బొమ్మలోని అర్థాన్ని ఎలా మారుస్తుందని అడిగితే ఈ ఒక్క ఉదాహరణతో పేజీ నిండుతుంది. రంగుల విషయంలోనూ ఇలాంటి దారమే ఉంది. 1907లో మార్కెట్లోకి వచ్చిన లూమియేర్ సోదరుల ఆటోక్రోమ్‌లో రంగు వేసిన బంగాళాదుంప పిండి రేణువులు ఫిల్టర్లుగా పనిచేశాయి. 1976లో పేటెంట్ పొందిన, డిజిటల్ కెమెరా సెన్సర్ మీద ఉండే బేయర్ ఫిల్టర్‌లోనూ సూత్రం అదే, ఒక్కో చుక్కకి ఒక్కో రంగు. ఇక్కడ ఆకుపచ్చ చుక్కలు మిగతా వాటికి రెట్టింపు. అనా ఆట్కిన్స్‌ని మాత్రం వదలకండి. 1843లో సముద్రపు నాచు మొక్కలను కెమెరా లేకుండానే సయనోటైప్ (వెలుగు పడ్డచోట నీలంగా మారే) కాగితం మీద ముద్రించడం మొదలుపెట్టిందామె. కెమెరా లేని ఫోటోగ్రఫీ అనగానే గుర్తుకు రావాల్సిన పేరు.

ఫోటో విశ్లేషణ వ్యాసంలో నేను పాటించిన క్రమం: ముందు కంటికి కనిపించేది మాత్రమే రాయడం, తర్వాత దాన్ని ఎలా తీసివుంటారో, ఆ తర్వాతే అర్థం. "హృదయాన్ని కదిలిస్తుంది" లాంటి మాట మొదటి పేరాలో రాస్తే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. 1936లో డొరొతియా లాంగ్ కాలిఫోర్నియాలో తీసిన 'మైగ్రెంట్ మదర్' నేను ఎక్కువగా సాధన చేసిన బొమ్మ. తల్లి చూపు ఫ్రేము బయటికి, ఇరువైపులా ఉన్న ఇద్దరు పిల్లల ముఖాలు వెనక్కి తిరిగి. ఆ ముఖాలు కనిపించకపోవడంవల్లే చూపంతా తల్లి మీదే ఆగుతుంది. అదే చోట లాంగ్ తీసిన మిగతా ఫ్రేములతో పోల్చితే ఆమె ఎలా దగ్గరికొచ్చిందో, ఏం వదిలేసిందో తెలుస్తుంది. తర్వాత నెగటివ్‌లో మూలన కనబడే ఒక బొటనవేలిని మసకబార్చారు. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే నలభై ఏళ్ళ పైమాటే. డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీలో నైతికత గురించిన ప్రశ్నకి సిద్ధాంతాలన్నీ ఈ ఒక్క బొమ్మ చుట్టూ కట్టేయొచ్చు.

ప్రాక్టికల్ పరీక్షలో జనం భయపడేది గాజు వస్తువుకి. సాధనకి గ్లాసు ఒక్కటి చాలు. గాజు మీద నేరుగా వెలుగు వేయకండి, అంచులు ఎలా కనబడాలో ఆలోచించండి. ఫ్రేము నిండేంత మేరకే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ వెలిగించి చుట్టూ చీకటి ఉంచితే అంచులు నల్లగీతల్లా వస్తాయి. తిరగేసి, ఫ్రేము నిండేంత నల్లటి అట్ట పెట్టి దాని చుట్టూ వెనకనుంచి వెలుగు వచ్చేలా చేస్తే అంచులు మెరుస్తాయి. రెండోది కష్టం, అట్ట సైజు కాస్త పెద్దదైనా మెరుపు పోతుంది. లోహం అయితే అది అద్దమే అనుకోండి: దానిలో ఏం ప్రతిబింబించాలో అదే దాని ముందు పెట్టాలి. పరీక్ష గదిలో మొదటి కాసేపు కెమెరా ముట్టకుండా లైటింగ్ బొమ్మ కాగితం మీద గీసుకోండి. ఆ గీత జవాబు పత్రంతోపాటు ఇవ్వనిస్తారేమో కూడా అడగండి.

ఫైనల్ ప్రాజెక్ట్ జ్యూరీకి (పని చూసి ప్రశ్నలడిగే ఎగ్జామినర్ల బృందం) ప్రింట్లు ముందుగా తీయించుకోవాలి. 8×10 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన 2400×3000 పిక్సెళ్ళు కావాలి, బాగా కత్తిరించిన ఫైల్ దగ్గర ఇది గుర్తుపెట్టుకోండి. మానిటర్ క్యాలిబ్రేట్ చేయకుండా (అది రంగులు సరిగ్గా చూపేలా సర్దకుండా) రంగులు సరిచేస్తే ప్రింట్ మరోలా వస్తుంది, మళ్ళీ తీయించడానికి రోజులుండవు. ఫైళ్ళు మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట.

ప్రాజెక్ట్ గురించి మీరు రాసిన స్టేట్‌మెంట్‌ని ఫోటోగ్రఫీతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించండి. "అంటే ఏమిటి?" అని వాళ్ళు ఆపిన ప్రతిచోటా మార్చి రాయండి. "కాలాన్ని, జ్ఞాపకాన్ని అన్వేషించే ప్రయత్నం" లాంటి వాక్యాలు జ్యూరీ రోజూ వింటుంది. ఎవరిని, ఎక్కడ, ఎంతకాలం, ఏ వెలుగులో తీశారో చెబితే మిగతాది వాళ్ళే అడుగుతారు. ఒక ఫోటో తీసేయాల్సివస్తే ఏది తీసేస్తారని ఒకరు తప్పకుండా అడుగుతారు, దానికి ముందే ఒక ఫోటో మనసులో పెట్టుకోండి, కారణంతో సహా. ప్రింట్ల వెనక అంచు దగ్గర మెత్తటి పెన్సిల్‌తో వరుస నంబర్లు వేసుకోండి. జ్యూరీవాళ్ళు చేతిలోకి తీసుకుని కలిపేసినా క్షణంలో సర్దుకోవచ్చు.