డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా: కెమెరా చేతికొచ్చేదాకా నేను పడ్డ పాట్లు

పోయిన వారమే కెమెరా ఇంటికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాద అడ్డొచ్చి సగం విషయాలు మింగేస్తాను, అవే మీకు పనికొచ్చేవి.

నా అవసరం చిన్నదే. మా అమ్మాయి స్టేజి మీద డాన్స్ చేస్తుంది. వెలుగు తక్కువ, మనిషి ఒక్కచోట నిలబడదు, ఫ్లాష్ వెయ్యకూడదు, పక్క సీట్లో వాళ్లకి టకటకమని చప్పుడు వినిపించకూడదు. ఫోన్‌తో తీస్తే దూరం నుంచి ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టం. అందుకని కెమెరా అనుకున్నాం. బడ్జెట్ సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. సెన్సర్, అంటే వెలుగును ఫొటోగా మార్చే చిప్పు, సైజు కూడా అంతే. ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 బై 24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ అంటే దాదాపు 23.5 బై 15.6, వెలుగు పట్టడంలో తేడా ఒక స్టాప్‌కి, అంటే రెట్టింపు వెలుగుకి, కాస్త ఎక్కువ. ఆ కాస్త కోసం పెద్ద లెన్సుల బరువూ ఖర్చూ నేను మోయలేను, ఏపీఎస్-సీ చాలనుకున్నాను. ఇక మిగిలింది డీఎస్ఎల్ఆర్ తీసుకోవాలా, చిన్న మిర్రర్‌లెస్ తీసుకోవాలా అన్నదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక 45 డిగ్రీల వాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును అది పైకి మళ్లిస్తే, ప్రిజం గుండా మన కంటికి చేరుతుంది. ఫొటో తీసే క్షణంలో అద్దం పైకి లేస్తుంది, ఆ టప్పుమనే చప్పుడులో పెద్ద వాటా దానిదే. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు. వెలుగు నేరుగా సెన్సర్ మీద పడుతూ ఉంటుంది, సెన్సర్ చూస్తున్నదాన్నే వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, ఒక బుల్లి తెర మనకు చూపిస్తుంది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన ఈ పద్ధతిలో, 2018లో నికాన్, క్యానన్ కూడా ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు తెచ్చాయి. ఇప్పుడు ఆ కంపెనీల కొత్త లెన్సులు మిర్రర్‌లెస్ మౌంట్‌లకే (లెన్స్ బిగించే చోటును మౌంట్ అంటారు) వస్తున్నాయి. పెంటాక్స్ మాత్రం డీఎస్ఎల్ఆర్‌నే పట్టుకుని ఉంది.

ఇంతవరకూ ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. అసలు కథ షాపులో.

తోడుగా మా తమ్ముణ్ణి తీసుకెళ్లాను. వాడి దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ ఉంది, వాడికి దానిమీద ప్రాణం. కౌంటర్ దగ్గర ప్రశ్నలు అడుగుతున్నది నేను, ఆ అబ్బాయి జవాబులు చెబుతున్నది మా తమ్ముడికి. తక్కువ వెలుగులో ఫోకస్ ఎలా పడుతుంది అని నేనడిగితే, వాడివైపు తిరిగి "సార్, మేడమ్‌కైతే ఇది ఈజీగా ఉంటుంది, ఆటోలో పెట్టేసుకుంటే చాలు" అంటాడు. "కొనేది అక్క, అక్కకి చెప్పండి" అని వాడు అన్నాడు. అన్నాక ఆ అబ్బాయి నావైపు తిరిగి "అసలు మీ వాడకానికి మంచి ఫోన్ సరిపోతుంది మేడమ్" అన్నాడు. నా వాడకమేంటో అప్పటికి ఒక్క ముక్క అడగలేదు.

సరే, వచ్చిన పని చూసుకుందామని వ్యూఫైండర్‌లోంచి చూడాలన్నాను. నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. కళ్లద్దాలతో చూసినప్పుడు ఫ్రేము నాలుగు మూలలూ కనిపిస్తాయా లేదా అన్నది నాకు మెగాపిక్సెల్స్ కన్నా ముఖ్యం. డీఎస్ఎల్ఆర్ ఇచ్చాడు. దానికి బ్యాటరీ లేకపోయినా అద్దం పని అద్దం చేస్తుంది కాబట్టి కనిపించింది, కానీ ఎంత చిన్నగా ఉందో! ఇంటి తలుపు కన్నంలోంచి బయట నిలబడ్డ మనిషిని చూసినట్టు. మిర్రర్‌లెస్ ఇమ్మన్నాను, ఇచ్చాడు. కన్ను పెడితే అంతా చీకటి. డిస్‌ప్లే పీసులో బ్యాటరీ లేదు.

"బ్యాటరీ వెయ్యండి" అన్నాను. "కొత్త బాక్సు సీల్ తియ్యాలి మేడమ్, కొంటానంటే తీస్తాను" అన్నాడు. చూడకుండా ఎలా కొంటానంటే, "అందరూ రివ్యూలు చూసుకునే వస్తారు మేడమ్, మీరు చూడలేదా?" అన్నాడు, వెనక నిలబడ్డవాళ్లు వినేలా. ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. వ్యూఫైండర్‌లోనే కరెంటు తెర ఉన్న వస్తువును బ్యాటరీ లేకుండా కౌంటర్ మీద పెట్టి, ఇందులో ఏం చూస్తారు అని కొనేవాళ్లని అడగడం ఏం వ్యాపారం? ఈ ఒక్కదాని వల్లే ఎంతమంది డీఎస్ఎల్ఆర్ పట్టుకుని ఇంటికెళ్లి ఉంటారో.

అంతటితో ఊరుకోలేదు. స్పెసిఫికేషన్ల కాగితం తీసి, "చూడండి, డీఎస్ఎల్ఆర్‌దే పెద్దగా కనిపిస్తుంది, దీనికి 0.85, దానికి 0.70" అన్నాడు. ఇక్కడ మాత్రం నేను వదల్లేదు, మీరూ వదలకండి. నికాన్ డి3500కి వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ 0.85 అని రాసి ఉంటుంది. అది 50 ఎంఎం లెన్స్ పెట్టి అదే బాడీ మీద కొలిచిన లెక్క. సెన్సర్ చిన్నది కాబట్టి దాన్ని 1.5తో భాగించాలి, అప్పుడు 0.57 వస్తుంది. సోనీ ఏ6400కి చెప్పే 0.70 అప్పటికే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలోకి మార్చిన అంకె. అంటే పెద్దగా కనిపించేది రెండోదే. పైగా మొదటిదాంట్లో ఫొటోలో వచ్చే దృశ్యంలో 95 శాతమే కనిపిస్తుంది, అంచులు కంటికి దొరకవు. ఆ కాగితం మీదే పెన్నుతో భాగహారం చేసి చూపించాను. కాసేపు దాన్నే చూసి "అవన్నీ టెక్నికల్ మేడమ్" అన్నాడు. అమ్మేవాడికి అన్నీ తెలియాలని నేననను. తెలుసుకుందామని వచ్చిన మనిషిని పదిమందిలో చిన్నబుచ్చితే మాత్రం నేను ఊరుకోను. మా తమ్ముడు బయటికొచ్చాక "వాడి మొహం చూడాలి అక్కా" అని ఇంటిదాకా అదే చెప్పుకొచ్చాడు. ఆ షాపులో మేము ఒక స్క్రూ కూడా కొనలేదు.

మీకు చెప్పేదేమిటంటే, బ్యాటరీ వేసి చూపించనివాడి దగ్గర మిర్రర్‌లెస్ కొనొద్దు. కళ్లద్దాలు ఉంటే పెట్టుకునే చూడండి. కెమెరాను ఎడాపెడా తిప్పి చూడండి, తెర మీద బొమ్మ మీ చేతిని అందుకుంటోందో వెనకపడుతోందో తెలుస్తుంది. షాపులో లైట్లు తక్కువగా ఉన్న మూలకెళ్లి మళ్లీ చూడండి, ఆ బుల్లి తెరలు చీకట్లో గరుకుగా అయిపోతాయి. అది కొందరికి అస్సలు పడదు.

తర్వాత ఒక మిర్రర్‌లెస్‌ను అద్దెకు తెచ్చుకుని, మా తమ్ముడి డీఎస్ఎల్ఆర్‌నూ పక్కన పెట్టుకుని, పిల్లల రిహార్సల్‌కి వెళ్లాను. నన్ను నిజంగా తికమక పెట్టింది ఇక్కడే. మిర్రర్‌లెస్‌ను సైలెంట్ షట్టర్‌లో పెట్టి తీశాను. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు, ఎంత సంతోషమో. వెనక తెర మీద చూస్తే ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నల్లటి చారలు. పిల్లల ముఖాల మీద, గోడ మీద, ఒక వరుసలో చీకటి, ఒక వరుసలో వెలుగు. కెమెరా పాడైందని గుండె జారిపోయింది. అద్దెకిచ్చినాయనకి ఫోన్ చేస్తే "మీ చెయ్యి కదిలుంటుంది మేడమ్" అన్నాడు. చెయ్యి కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది గానీ గీతలు పడవు కదండీ.

కారణం ఇంటికొచ్చాక తెలిసింది. సైలెంట్ షట్టర్ అంటే సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీసుకోదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్క వరుసే చదువుకుంటూ వస్తుంది. మామూలు సెన్సర్లలో చాలావాటికి ఆ చదువు పూర్తవడానికి సెకనులో పదిహేనో వంతు నుంచి ముప్ఫయ్యో వంతు దాకా పడుతుంది. స్టేజి మీద ఎల్ఈడీ లైట్లు మన కంటికి నిలకడగా కనిపిస్తాయి గానీ, చాలావరకు సెకనుకి వందసార్లకు పైగా మిణుకుతూ ఉంటాయి. చదువుతుండగానే లైటు తగ్గీ పెరిగీ అయితే అదే చార. అదే కెమెరాలో మెకానికల్ షట్టర్‌కి, అంటే సెన్సర్ ముందు నిజంగా కదిలే తెరకి, మార్చి, వేగం 1/100లో పెట్టి తీస్తే చారలు పోయాయి. వేగం పెంచితే చార పడకపోయినా ఒక ఫొటో వెలుగుగా, పక్క ఫొటో మసగ్గా వస్తుంటాయి. దానికి చాలా కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగ్ ఉంటుంది, లైటు బాగా వెలిగే క్షణం చూసి క్లిక్ చేస్తుంది. కాకపోతే అది సెకనుకి 100, 120 సార్లు పడే మిణుకులనే పట్టుకుంటుంది, అంతకన్నా వేగంగా మిణికే ఎల్ఈడీల దగ్గర పని చెయ్యదు. నికాన్ జెడ్9 లాంటి పెద్ద కెమెరాల్లో సెన్సర్ చాలా వేగంగా చదువుతుంది, అందుకే 2021లో మెకానికల్ షట్టర్ అన్నదే లేకుండా తెచ్చారు. మన బడ్జెట్‌లో దొరికేవి అలాంటివి కావు. కాబట్టి "పూర్తిగా నిశ్శబ్దం" అన్న ప్రచారం చూసి స్టేజి ఫొటోల కోసం మిర్రర్‌లెస్ కొనేవాళ్లు ముందు ఆ హాల్లోనే ఒకసారి తీసి చూసుకోండి.

"చూశావా అక్కా, అద్దం ఉన్నదైతే ఈ గోల లేదు" అన్నాడు మా తమ్ముడు. నిజమే, వాడి కెమెరాలో చారలు లేవు. కానీ వాడి ఫొటోలు పెద్దవి చేసి చూస్తే, సగానికి పైగా జడలో పువ్వులు స్పష్టంగా ఉన్నాయి, కళ్లు మాత్రం మెత్తగా ఉన్నాయి. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు. ఫోకస్ సెన్సర్ అద్దం కింద అడుగున ఉంటుంది. రెంటికీ లెక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా, తక్కువ వెలుగు కోసం అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) బాగా తెరిచినప్పుడు ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంది. ఖరీదైన బాడీల్లో దాన్ని సరిచేసుకునే సెట్టింగ్ ఉంటుంది, వాడిదాంట్లో లేదు. ఉన్న పదకొండు ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుమిగూడి ఉన్నాయి. అద్దెకు తెచ్చినదేమో సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది, కన్ను ఎక్కడుంటే అక్కడ చిన్న పెట్టె వెంటాడుతుంది, పిల్ల చక్కర్లు కొట్టి ఇటు తిరగ్గానే మళ్లీ పట్టుకుంటుంది. ఇక నాకు సందేహం మిగల్లేదు.

బరువు మాట. మిర్రర్‌లెస్ అంటే తేలిక అని అందరూ అంటారు. బ్యాటరీ, కార్డుతో కలిపి డి3500 బరువు 415 గ్రాములు, ఏ6400 బరువు 403. ఎక్కడుంది తేడా? తేడా మందంలో ఉంది. నికాన్ పాత మౌంట్‌లో లెన్స్ కూర్చునే చోటికీ సెన్సర్‌కీ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, కొత్త జెడ్ మౌంట్‌లో 16 మాత్రమే. బ్యాగులో చోటు కలిసొస్తుంది, చిన్న లెన్సులైతే తేలిక కూడా. కానీ 70-200 ఎఫ్/2.8 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపర్చర్ అంత పెద్దగా తెరుచుకుంటుంది) లాంటి లెన్స్ కొనాలనుకుంటే, అద్దం లేనంత మాత్రాన బరువు తగ్గుతుందనుకోవద్దు. నికాన్ పాతది 1430 గ్రాములు, జెడ్‌లో మొదట వచ్చినది ట్రైపాడ్ కాలర్‌తో 1440. 200ని 2.8తో భాగిస్తే 71 మిల్లీమీటర్లు, ముందు గాజు కనీసం అంత వెడల్పు ఉండి తీరాలి, అద్దం తీసేసినంత మాత్రాన గాజు తగ్గదు.

నేను చిన్న మిర్రర్‌లెస్ బాడీ, 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒకటి తీసుకున్నాను. బాడీతో కలిపి ఇచ్చే కిట్ లెన్స్ వద్దన్నాను, కాంబో పేరుతో అంటగట్టే ట్రైపాడ్, బ్యాగు, ఫిల్టర్ కూడా వద్దన్నాను. మోడల్ పేరు చెప్పను, నా కంటికీ చేతికీ సరిపోయింది మీకు సరిపోవాలని లేదు.

మా తమ్ముడు మాత్రం మార్చడు, మార్చమని నేనూ చెప్పను. వాడు పగటి వెలుగులో తీస్తాడు, వాడి దగ్గర పాత లెన్సులున్నాయి. పాత లెన్సుల్ని కొత్త బాడీకి బిగించే అడాప్టర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటార్ లేదు, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్సులు పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. కొత్తగా నేర్చుకునే పిల్లలకి, బడ్జెట్ గట్టిగా ఉన్నవాళ్లకి సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ మంచి వస్తువే. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు పడ్డాయన్న లెక్క, మాత్రం అడిగి చూడండి, చిన్న బాడీల షట్టర్‌ను సాధారణంగా లక్ష క్లిక్కుల దాకా పరీక్షించి ఇస్తారు.

మొన్న ప్రోగ్రాములో తీసిన ఫొటోల్లో మా అమ్మాయి కంటి కాటుక గీత దాకా లెక్కపెట్టినట్టు వచ్చింది. మిగతా పిల్లల తల్లులు కూడా ఫైళ్లు అడిగి తీసుకున్నారు, గర్వంగానే చెబుతున్నాను. చారల భయంతో మెకానికల్ షట్టరే వాడాను, దానికి చప్పుడుంది, అందుకని పక్క వరుస చివరి సీటు అడిగి కూర్చున్నాను. బ్యాటరీ మాత్రం ప్రోగ్రాము సగంలోనే అయిపోయింది. సీపా (కెమెరా తయారీదారుల సంఘం) పరీక్ష లెక్కన డి3500 ఒక్క చార్జింగ్‌తో 1550 ఫొటోలు తీస్తుంది, ఏ6400 వ్యూఫైండర్ వాడితే 360. నేను రెండో బ్యాటరీ ముందే కొనిపెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మూడోది ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.