షికాగో పెరట్లో చిక్కుడు ఎందుకు కాయదు

నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా సెప్టెంబర్‌లో ఒక మాట తప్పక వస్తుంది: చిక్కుడు పాదు కంచె దాటి పాకింది గానీ ఒక్క పూతా లేదని. ఎరువు చాలలేదనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు. దాంతో ఆకు ఇంకా దట్టంగా వస్తుంది, పూత మాత్రం రాదు.

అసలు సంగతి పగటి పొద్దుది. మన నాటు చిక్కుడు రకాల్లో చాలావాటికి పగలు తగ్గితేనే పూత. హైదరాబాద్‌లో నడి వేసవిలోనూ పగలు 13 గంటల పైచిలుకే. షికాగోలో జూన్ 21న 15 గంటలు దాటుతుంది, 13 గంటలకు దిగేసరికి సెప్టెంబర్ మొదటి వారం వచ్చేస్తుంది. అప్పుడు మొగ్గ తొడిగి పిందె పడేలోగా, అక్టోబర్ మధ్యలో ఫ్రాస్ట్ (మొక్కల మీద గడ్డకట్టే మంచు) వచ్చి ఒక్క రాత్రిలో పాదునంతా నల్లబరుస్తుంది. కాబట్టి ఇక్కడ వేయాల్సింది పగటి నిడివితో పనిలేని పొట్టి రకాలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అలాగని ఇండియా నుంచి సూట్‌కేసులో విత్తనాలు తేవద్దు. పర్మిట్ గానీ, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం గానీ లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు. అమెరికాలోనే మన కూరగాయల విత్తనాలు అమ్మేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర పొట్టి రకం అని అడిగి కొనండి.

గోంగూర స్వభావమూ ఇదే, కానీ దాని విషయంలో అది మనకు లాభం. పూత ఆలస్యమైతే వేసవంతా ఆకు కోసుకోవచ్చు. గింజ మాత్రం ముదరదు కాబట్టి విత్తనం ఏటా కొత్తగా కొనాల్సిందే.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది మనది ఏ జోన్ అని. షికాగో చుట్టుపక్కల 5బి, 6ఎ. ఆ నంబరు శీతాకాలంలో ఎంత చలి పడుతుందో చెబుతుంది, అంజూర చెట్టు బతుకుతుందా అన్నదానికి పనికొస్తుంది. బెండకీ బీరకీ దాంతో పనిలేదు. వాటికి కావాల్సినవి రెండు: మే మధ్యలో వచ్చే ఆఖరి ఫ్రాస్ట్ తేదీ, మట్టి వేడి. ఫ్రాస్ట్ పోయినా మట్టి చల్లగానే ఉంటుంది. వంటింటి థర్మామీటర్‌ని పొద్దున్నే నాలుగంగుళాల లోతు గుచ్చి చూడండి. 65 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 18 సెల్సియస్, వరసగా నాలుగైదు రోజులు కనబడ్డాకే బెండ గింజలు రాత్రంతా నానబెట్టి వేయాలి. అంతకుముందు వేస్తే మట్టిలోనే కుళ్లిపోతాయి. మే ఆఖరున వచ్చే మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి నాటడం ఇక్కడివాళ్ల అలవాటు, అది మన పంటలకీ సరిపోతుంది.

అంత ఆలస్యంగా నాటుతున్నాం కాబట్టి నారు ఇంట్లోనే పెంచుకోవాలి. మిరప, వంకాయ మార్చి మధ్యలో, టమాటా ఏప్రిల్ మొదట్లో. సొర, బీర, కాకరలకు వేర్లు కదిపితే గిట్టదు, అందుకని మే మొదట్లో ఒక్కో గింజ మట్టిలో కలిసిపోయే ఒక్కో పీట్ కుండీలో వేసి, నాటేటప్పుడు కుండీతోనే పెట్టేయండి. మిరప మొలవడానికి కింద హీట్ మ్యాట్ ఉండాలి, 80 డిగ్రీల ఫారన్‌హీట్. మొలక కనబడగానే మ్యాట్ తీసేసి, లైటు రెండు మూడంగుళాల ఎత్తులో, రోజుకి 14 నుంచి 16 గంటలు. కిటికీ వెలుతురు చాలదు, నారు సన్నగా సాగి పడిపోతుంది. మొదలు దగ్గర నొక్కుకుపోయినట్టయి వాలిపోతే అది నారుకుళ్లు. పైనుంచి నీళ్లు పోయడం మాని ట్రేలో అడుగునుంచి పెట్టండి, చిన్న ఫ్యాన్ తిప్పండి. బయట నాటడానికి ముందు వారం, పది రోజులు నీడలో మొదలుపెట్టి రోజూ కాస్త ఎక్కువసేపు ఎండకి అలవాటు చేయాలి.

కొత్త సబ్‌డివిజన్లలో మంచి పైమట్టి చాలావరకు పోయి, లాన్ కింద గట్టి బంకమట్టి మిగులుతుంది. దాన్ని తవ్వే బదులు 4×8 అడుగుల పెట్టె మడి కట్టుకోవడం మేలు. అడుగు ఎత్తుకి 32 ఘనపుటడుగులు, అంటే సుమారు 1.2 క్యూబిక్ యార్డుల మట్టి పడుతుంది, యార్డున్నర ఆర్డర్ చేస్తే కుంగినా సరిపోతుంది. పందిరి గుంజలు పాతే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో డబ్బు తీసుకోకుండా గుర్తుపెట్టి వెళ్తారు.

జులైలో జపనీస్ బీటిల్స్ దిగుతాయి. బెండ ఆకు, గోంగూర ఆకు వాటికి మహా ఇష్టం, ఈనెలు మాత్రం మిగిలి ఆకు జల్లెడైపోతుంది. పొద్దున్నే అవి మందకొడిగా ఉన్నప్పుడు సబ్బు నీళ్ల గిన్నె కింద పట్టి కొమ్మ తడితే అందులో రాలిపడతాయి. దుకాణంలో అమ్మే ట్రాప్ మీ పెరట్లో కట్టకండి, అది ఊళ్లో పురుగులన్నింటినీ పిలుస్తుంది. సొర, బీర పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే చాలాసార్లు కారణం పుప్పొడి అందకపోవడమే. ఆ పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అంటే ఆఫీసు నుంచి వచ్చాక చేయదగ్గ పనే. సన్న కాడ ఉన్న మగపువ్వు కోసి, రేకులు తీసేసి, అడుగున చిన్న కాయ ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి.

మెంతి, కొత్తిమీర, పాలకూరలకు ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి విత్తాలి. అవి తేలికపాటి ఫ్రాస్ట్‌ని తట్టుకుంటాయి. అక్టోబర్ మధ్యలో వెల్లుల్లి రెబ్బలు రెండంగుళాల లోతున పెట్టి పైన గడ్డి కప్పితే, వచ్చే జులైలో గడ్డలొస్తాయి.

ఇక కరివేపాకు. రాత్రి 50 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పోతోందంటే కుండీ లోపలికి రావాలి. తెచ్చే ముందు ఆకుల అడుగుభాగాన్ని పైపు ధారతో కడిగి, పురుగుల సబ్బు (ఇన్‌సెక్టిసైడల్ సోప్) చల్లండి. లేకపోతే ఫర్నెస్ పొడిగాలికి డిసెంబర్‌లోగా నల్లి పడుతుంది, ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు, కాడల మధ్య బూజులాంటి దారాలు కనబడతాయి. శీతాకాలంలో ఆకు రాలడం మామూలే. రాలిందని నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది, ఈ మొక్కలు ఇక్కడ చావడానికి చలికంటే అదే పెద్ద కారణం. పైమట్టి రెండంగుళాలు ఆరాకే నీళ్లు, మార్చిదాకా ఎరువు వద్దు. మోడుగా మిగిలినా పారేయకండి, గోటితో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కితే ఇనుము అందడం లేదని, నీళ్లలో కలిపే చీలేటెడ్ ఐరన్ వేస్తే తేరుకుంటుంది. ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో ఉన్న బంధువుల ఇంటినుంచి మొక్క కారులో తెచ్చుకోవద్దు. నిమ్మజాతి చెట్లను చంపే రోగాన్ని మోసే పురుగు దాని మీద బతుకుతుంది, అందుకే ఆ రాష్ట్రాల నుంచి కరివేపాకు మొక్కల రవాణాపై ఆంక్షలున్నాయి.