తడి మక్కలు, టర్కీ పిల్లలు, ఒక నెమలి ఫోను

పొద్దున చాయ్ గ్లాసు చేతిల పట్టుకున్ననో లేదో మా దాణా మర గేటు కాడ ట్రాక్టర్ హారన్. చూస్తే మా చిన్నాయిన, అంటే వరసకు చిన్నాయిన, మా ఊరి పక్కూరే, ట్రాలీ నిండ మక్కలు పోసుకొని వచ్చిండు. కోతలప్పుడే వాన పడ్డది కదా ఈసారి, సంచి విప్పంగనే చెయ్యి పెడితే సల్లగ తగిలింది, నాకు అక్కడనే అర్థమైంది కానీ మొఖం మీద చెప్తే బాగుండదని తేమ కొలిచే మీటర్ తెచ్చి పెట్టిన. 16.2 శాతం చూపించింది. ఇంకో మూల నుంచి తీసి పెట్టిన, 15.8.

"ఏమంటున్నదిరా నీ డబ్బా?"

"తడి ఉన్నయ్ చిన్నాయిన. ఇంకో మూడు రోజులు ఎండల పొయ్యి, 13కి దిగినంక నేనే తీసుకుంట."

"బంగారం లెక్క ఉన్నయ్ రా గింజలు! సర్కారు మద్దతు ధర ఉంది, నువ్వేమో నీళ్లని కతలు చెప్పవడితివి. కోళ్లు తినేదానికి గింత పట్టింపా?"

మద్దతు ధరకైనా 14 లోపలే ఉండాల్నని చెప్తే ఇంకింత గరమైండు. ట్రాలీ తిప్పుకొని పోయిండు, నాకు కడుపుల ఎట్లనో అయింది, దసరాకు వాళ్ల ఇంట్లనే తిన్నం మరి. కానీ పోయిన ఏడు ఇట్లనే మొహమాటానికి తీసుకున్న ఒక లోడు, గోదాంల పెట్టిన ఇరవై రోజులకే బస్తాల నడుమ పచ్చగ బూజు, అప్పటికే కొంత మర ఆడించి కౌజు పిట్టలాయనకు పంపిన. ఆయన మళ్ల ఫోన్ చెయ్యలే, అట్లనే నా దాణా బంద్ పెట్టిండు. బూజు విషం, అఫ్లాటాక్సిన్ అంటరు, అది వేడి చేసినా పోదు. బాతు పిల్లలకు అందరికంటే తొందరగ తగుల్తది, తర్వాత టర్కీ, కౌజు గూడ నాజూకే, మామూలు కోడే ఎంతోకొంత తట్టుకుంటది. నేను అమ్మేదంతా ఆ నాజూకు పిట్టలకే. పెద్ద మిల్లులు టన్నులకు టన్నులు బ్రాయిలర్ దాణా తీస్తయ్, వాళ్లతోని నేను పోటీ పడలేను, అందుకే టర్కీ, గిన్నె కోడి, కౌజు, జాతి పుంజులు పెంచేటోళ్లకు 25 కిలోల సంచులు పట్టుకొని కూసున్న.

పదకొండింటికి కల్వకుర్తి దిక్కు నుంచి ఒక అక్క ఫోన్. అరవై టర్కీ పిల్లలు తెచ్చిందంట, మూడు వారాలైతున్నది, నిన్నటి నుంచి కాళ్లు ఎనక్కి చాపి బోర్లా పడుతున్నయ్, తొమ్మిది పొయినయ్. నేను ముందుగాల బ్రూడర్, అంటే పిల్లలను వెచ్చగ ఉంచే గూడు, దాని వేడి అడిగిన, నీళ్లు అడిగిన, అన్ని బాగనే చెప్తున్నది. "దాణా ఏమేస్తున్నవ్ అక్కా" అంటే "మా ఊరి షాపులది, కోడిపిల్లలకు వేసేదే. దాణా దాణానే కదా తమ్మీ" అన్నది. సంచికి కుట్టిన చీటి ఫోటో వాట్సాప్ల పెట్టుమన్న. పెద్దగ చేసి చూస్తే కింద సన్న అక్షరాలల్ల సాలినోమైసిన్ అని ఉంది. కోడిపిల్లలకు రక్తపారుడు రాకుండ దాన్ని కలుపుతరు, తప్పేం లేదు, కోళ్లకు మంచిగనే పని చేస్తది. టర్కీలకు అదే విషం. షాపాయనకు తెల్వదు, ఈమెకు తెల్వదు, చీటీల ఇంగ్లీషుల రాసి ఉంది.

ఆ దాణా ఇప్పటికిప్పుడు ఆపెయ్ అక్కా, పశువుల డాక్టర్కు ఈ చీటి చూపియ్ అని చెప్పిన. నా సంచులు రెండు బస్సుకు వెయ్యమన్నది, మళ్ల రేటు విని "గింతనా" అన్నది. ఏం చెప్పాలె? ఒక క్వింటాలుకు 42 కిలోల మక్కలు, 48 కిలోల సోయా చెక్క, 5 కిలోల చేప పొడి, మిగిలింది సున్నం, లవణాలు, విటమిన్లు, అంతా కలిస్తే ప్రోటీన్ 28 శాతం దగ్గరికి వస్తది, టర్కీ పిల్లకు అంత కావాల్నే, గుడ్లకు పెంచే లేయర్ కోడిపిల్లకైతే 20తోని నడుస్తది. సగం సంచి సోయానే ఉంటే రేటు ఎట్ల తగ్గుతది? ఇవన్నీ ఫోన్ల చెప్తే మనిషికి లెక్చర్ ఇచ్చినట్టు ఉంటదని ఊకున్న. చచ్చిన తొమ్మిది పిల్లల పైసలే ఆమెకు కళ్ల ముందట ఉంటయ్ గదా. ఒక సంచి ఉద్దెర పెట్టిన. మా ఇంటామె బుక్కుల రాసుకుంట నా దిక్కు ఒక చూపు చూసింది, అదొక్కటే చాలు.

(రాసుకోవాలె: ఈసారి టర్కీ సంచి మీద తెలుగుల పెద్దగ రాయించాలె, కోళ్లతోని కలిపి పెంచొద్దని గూడ. కోళ్ల పేగులల్ల పురుగుతోని వచ్చే రోగం టర్కీలకు అంటుకుంటే కార్జం ఖతం. చాలామంది ఒకే దొడ్ల వదుల్తరు.)

మధ్యాహ్నం చేప పొడి సాంపిల్ వచ్చింది, గ్లాసు నీళ్లల్ల వేస్తే అడుగున వేలెడు ఇసుక. వాపస్. అంతే, దాని గురించి రాసి ఇంకింత బీపీ పెంచుకోను.

నాలుగింటికి హైదరాబాద్ నుంచి ఒకాయన, మస్తు మర్యాదగ మాట్లాడిండు. షాద్‌నగర్ దగ్గర ఫామ్‌హౌస్ అంట. "మీరు స్పెషల్ ఫీడ్ చేస్తరట కదండీ, నెమళ్లకు కావాలి, అమెరికాలో సంచుల్లో అమ్ముతారు వీడియోలో చూశాను, మీరు చేయగలరా?" చెయ్యగలను. నిజం చెప్పాల్నంటే రెండేండ్ల కింద ఊరికెనే లెక్క గూడ కట్టి పెట్టుకున్న నోటుబుక్కుల, టర్కీ లెక్కకు శాన దగ్గరనే ఉంటది. కానీ సార్, నెమలిని మన దగ్గర పెంచుకోవద్దు, 1963ల జాతీయ పక్షి అయింది, 1972 వన్యప్రాణుల చట్టంల మొదటి షెడ్యూల్ల ఉంది, జైలు కేసు అన్న. "అబ్బే, మావి తెల్లవండీ, ఇవి వేరే" అన్నడు. తెల్లదైనా మన నెమలే సార్, రంగు పుట్టుకతోని రాలేదు అంతే, జాతి వేరే కాదు అన్న. కొద్దిసేపు ఏం మాట్లాడలే. "అయితే ఫీడ్ సంచి మీద టర్కీ అని రాసి పంపండి" అన్నడు! ఫోన్ పెట్టేసిన. నెలకు పది సంచుల గిరాకీ పోయిందని మనసు గుంజింది, అబద్ధమెందుకు.

చీకటి పడే యాళ్లకు మళ్ల ఫోన్. చిన్నాయిన. పొద్దుటి కోపం గొంతుల ఇంక పోలేదు.

"ఎక్కడ అమ్మలే రా. రోడ్డు మీద ఆరబోసిన. మధ్యాహ్నం కాడికెళ్లి నెమళ్లు దిగినయ్, ఐదో ఆరో. మీ పిన్ని కట్టె పట్టుకొని కూసున్నది, కొట్టనియ్యదు, తిననియ్యదు. ఎల్లుండి నీ డబ్బా పట్టుకొని నువ్వే రా. నేను మళ్ల ట్రాక్టర్ కట్ట."

వస్త అన్న. మీటర్ బ్యాటరీ రెడ్ చూపిస్తున్నది, రేపు జడ్చర్ల పోయినప్పుడు తేవాలె.