విప్పలేదు అన్నాను

పదకొండున్నర అయింది. అందరూ పడుకున్నారు. అత్తయ్య గదిలో ఫ్యాను టకటకమంటోంది, దాని సంగతి ఇంకో రోజు రాస్తాను. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఫ్యాను కాదు, సాయంత్రం ఫోన్లో అన్న ఒక్క మాట. "లేదు" అన్నాను. అంతే. దానికింత ఆలోచనా అని ఈయన అంటారు గానీ, ఈయన దేనికైనా ఎప్పుడైనా ఆలోచించారా?

తమ్ముడి డబ్బా వచ్చిందని ఆదివారమే రాశాను కదా. బెంగళూరులో ఇల్లు మారుతూ "అప్పా, దీన్ని పారెయ్యలేను, నువ్వు ఉంచు" అని పార్సిల్ వేసేశాడు. కంప్యూటర్‌కి తగిలించి పాత వీడియో గేములు ఆడుకోవడానికి వాడే చేసుకున్న ప్లైవుడ్ డబ్బా. పైన రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక్కోదానికి ఆరేసి బటన్లు, మధ్యలో బత్తాయికాయంత ఎర్ర బంతి. ట్రాక్‌బాల్ అంటారు. చిన్నోడు ఇదేంటమ్మా అంటే, మౌస్‌ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద బంతిని చేత్తో తిప్పడమే నాన్నా అని చెప్పాను. వాడు బంతి ఉన్న మౌస్‌ని పుట్టాక చూడలేదు. ఆ మాట అన్నాక నాకే గుర్తొచ్చింది.

2001. కోట దగ్గర సందులో నెట్ సెంటరు, గంటకి ముప్ఫై రూపాయలు. మౌస్ బంతులు పిల్లలు ఎత్తుకుపోతున్నారని ఆ అన్న ప్రతి మౌస్‌కీ అడుగున టేపు అతికించేసేవాడు. దాంతో లోపల దుమ్ము ఎవరూ తియ్యలేకపోయేవారు. ఎంసెట్ రిజల్ట్స్ రోజు ఇసకేస్తే రాలనంత జనం. నా వంతు వచ్చేసరికి బాణం అడ్డంగా వెళ్తోంది తప్ప నిలువుగా కదలదు. వెనకాల నిలబడ్డ వాళ్లు "తొందరగా, తొందరగా" అంటున్నారు. నాకు చెమటలు. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, టేపు పీకి, బంతి అరచేతిలో వేసుకుని లోపలికి చూశాను. సన్నటి రోలరు మీద నల్లటి మట్టి ఉంగరంలా గట్టిపడి ఉంది. పిన్నీసుతో గీస్తే ఆ ఉంగరం అలాగే ఊడి చేతిలోకి వచ్చేసింది. బంతి వేసి తిప్పితే, వెన్నలా కదిలింది బాణం. అన్న పరుగున వచ్చి తిడతాడనుకుంటే, "అమ్మా, మిగతా నాలుగూ కూడా చూసిపెట్టు" అన్నాడు. అయిదు మౌస్‌లూ శుభ్రం చేసి, అందరి రిజల్ట్స్ అయ్యాక చివర్న నాది చూసుకున్నాను. ర్యాంకు సంగతి మీకు తెలుసు, మళ్లీ ఎందుకు. కానీ ఆ రోజు డబ్బులు తీసుకోలేదు ఆయన. ఇంటికి వెళ్తూ మూడు లాంతర్ల దగ్గర నాన్నకి ముందు చెప్పింది ర్యాంకు కాదు, మౌస్ సంగతి. నాన్న మొహం చూశాక ర్యాంకు చెప్పాను.

అప్పట్నుంచీ నాకో గర్వం. బంతీ రోలరూ అంటే నాకు తెలియనిది లేదని.

ఆదివారం నుంచి ఆ డబ్బాతో పడ్డ పాట్లు చెప్పాలి. మొదట ఎడమ వైపు మూడో బటన్ ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు ఉండిపోయింది. ఆట మొదలుపెట్టగానే టపటపా కాల్పులు. ప్రయాణంలో ఊడిన తీగని నేనే తగిలించాను మరి. బటన్ కింద మైక్రోస్విచ్‌కి మూడు కాళ్లుంటాయి. ఒకటి కామన్, ఒకటి నొక్కితే కలిసేది, ఇంకోటి నొక్కితే విడిపోయేది. ఆ మూడోదానికి తగిలించాను. మార్చితే సరిపోయింది. తరవాత బంతి. డెస్క్‌టాప్ మీద బాణం బానే తిరుగుతోంది, ఆటలోకి వెళ్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. పాత ఆర్కేడ్ ఆటల్ని, అంటే బిళ్ల వేసి ఆడే పెద్ద మెషీన్ల ఆటల్ని, కంప్యూటర్లో నడిపే ప్రోగ్రాం పేరు మేమ్. మేము కాదు, మేమ్. 1997 నుంచి ఉంది. దాని సెట్టింగ్స్ ఫైల్లో మౌస్ అనే మాట పక్కన సున్నా ఉంది, ఒకటి చేస్తే బంతి బతికింది. ఈ సున్నా దొరకడానికి రెండు రాత్రులు పట్టింది, చోడి అంబలి కూడా మాడింది.

అయినా నిలువుగా మాత్రం ఎత్తెత్తి పడుతోంది. పైకి తిప్పితే కాస్త వెళ్లడం, ఆగిపోవడం, మళ్లీ గెంతడం. 2001 నాటి జబ్బే. విప్పుదామంటే అన్నీ ఆరు పలకల గుంట ఉన్న స్క్రూలు, వాటి తాళం ఇంట్లో లేదు. అందుకే ఇవాళ మధ్యాహ్నం గంటస్తంభం దగ్గర రిపేరు షాపుకి తీసుకెళ్లాం. మోసేందుకు ఈయన వచ్చారు. అక్కడ మొదలైంది.

డబ్బా నాది, మాట్లాడుతున్నది నేను. కౌంటర్లో కుర్రాడు మాత్రం ప్రతి జవాబూ ఈయనకే చెప్తున్నాడు. "సార్, డ్రైవర్ ప్రాబ్లం ఉంటది సార్." "సార్, వైరస్ కావచ్చు, విండోస్ మళ్లీ వేసేద్దాం సార్." బల్బు మార్చడం రాని మనిషి గంభీరంగా తలూపుతున్నారు! బంతికీ విండోస్‌కీ ఏం సంబంధం బాబూ అన్నాను. ఈయన వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు సాయంత్రం దాకా కళ్లముందే ఉంది. ఎన్నో ఏళ్లుగా ఇదే గోల. గ్యాస్ స్టవ్ రిపేరుకి వచ్చినవాడు "సార్ లేరా" అంటాడు, ఇన్వర్టర్ బ్యాటరీ వాడు "సార్‌కి ఫోన్ ఇవ్వండి" అంటాడు. తమ్ముడు చెప్పాడు, ఇలాంటి బంతితోనే ఆడే సెంటిపీడ్ అనే జెర్రి ఆట తయారుచేసిన ఇద్దరిలో ఒకరు డోనా బెయిలీ అనే ఆవిడట, 1981 నాటి మాట. అట్లాంటావిడ మన గంటస్తంభం దగ్గరికి వచ్చినా, పక్కన ఎవరైనా ప్యాంటు వేసుకున్న మగమనిషి ఉంటే చాలు, ఆయనకే చెప్తారు వైరస్ సంగతి.

ఇంతవరకు రాసి ఆగాను. మళ్లీ చదువుకుంటే ఆ కుర్రాడు అన్నదే రాశాను, చేసింది రాయలేదు.

విప్పమన్నాక విప్పాడు. న్యూస్‌పేపర్ పరిచి, ఏ మూల స్క్రూ ఆ మూలనే పెట్టుకున్నాడు. బంతిని పక్కనున్న స్టీలు గ్లాసు మూతి మీద నిలబెట్టాడు, దొర్లిపోకుండా. లోపల రెండు రోలర్లు ఒకదానికొకటి అడ్డంగా, మూడో మూల చిన్న బేరింగు. ఒక్కో రోలరు చివర గాట్లున్న చిన్న చక్రం. చక్రానికి ఒక వైపు కనపడని వెలుతురు, అవతల రెండు కళ్లు. గాటు ముందు ఏ కంటికి కనిపించిందన్న దాన్ని బట్టి బంతి ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. ఇది నాకు తెలుసనుకోండి. కుర్రాడు పట్టకారుతో నిలువు రోలరు మొదట్లోంచి ఏదో లాగాడు. లాగుతూనే ఉన్నాడు. జానెడు వెంట్రుక. అది మా మరదలిది బాబూ, బెంగళూరు నుంచి వచ్చింది అనబోయి ఊరుకున్నాను. వాడు నా జడ వైపు చూడనైనా లేదు, పాపం. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో రోలర్లు తుడిచి, "నూనె మాత్రం ఎయ్యకండి మేడమ్, బంతి జారిపోద్ది" అన్నాడు. అవును, మేడమ్ అనే అన్నాడు. నాతోనే అన్నాడు. నూటయాభై అడిగాడు. స్కానింగ్ అవ్వలేదు, చేతిలో వంద ఉంది. "యాభై తర్వాత ఇవ్వండి మేడమ్."

నేనేం చేశానూ? ఆ నవ్వు మీద కోపం తగ్గక, వస్తూ వస్తూ హార్డ్‌వేర్ షాపులో ఆ ఆరు పలకల తాళాల సెట్టు కొన్నాను. ఇంటికి రాగానే, ఆడించి చూడకుండానే మళ్లీ విప్పాను. సరిగ్గా తుడిచాడో లేదో చూద్దామని. తుడిచాడు, అద్దంలా ఉంది. బిగించేశాను.

కుడికి తిప్పితే బాణం పైకి వెళ్తోంది. పైకి తిప్పితే ఎడమకి.

ఒళ్లు మండిపోయింది. బిల్లు మీద నంబరు చూసి ఫోన్ చేశాను. ఏం చేశావు బాబూ, ఉన్నది కూడా పాడుచేశావు, ఇదేనా పని, అని నాలుగు అన్నాను. అంతా విని, మెల్లిగా, "మేడమ్, ఇక్కడ చూసినప్పుడు బానే ఉందండీ. మళ్లీ ఏటైనా ఇప్పారా?" అన్నాడు.

"లేదు."

ఎందుకన్నానో తెలీదు. ఆలోచించుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది. "సరే మేడమ్, రేపు తీసుకురండి, చూస్తాను. డబ్బులేం వద్దు" అన్నాడు. డబ్బులు అడిగి ఉంటే బాగుండేది.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేస్తే, సెట్టింగ్స్‌లో అడ్డం నిలువు మార్చేసి ఒకదాన్ని తిరగెయ్యి అప్పా, అన్నాడు. ఆట వరకు అది చాలు. ఆటలోంచి బయటికొస్తే బాణం మళ్లీ వంకరే కదా. అన్నం తిని, డబ్బా తిరగేసి టార్చి వేశాను. బంతి పెట్టె నాలుగు పలకలు, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, ఎటు తిప్పి పెట్టినా చక్కగా కూర్చుంటుంది. దాని అడుగున నల్ల మార్కరుతో చిన్న బాణం గుర్తు, పక్కన తమ్ముడి కోడిగీతల్లో "పైకి". సాయంత్రం విప్పినప్పుడు అక్కడే ఉండి ఉంటుంది, నేను రోలర్ల మెరుపు చూడ్డంలో ఉన్నాను. బాణం పైకి లేదు. పక్కకి ఉంది. ఆ కుర్రాడు చూశాడన్నమాట, చూసి సరిగ్గా పెట్టాడన్నమాట.

నాలుగు స్క్రూలు తీసి తిప్పి పెట్టాను, అయిదు నిమిషాల పని. చిన్నోడూ నేనూ సెంటిపీడ్ ఆడాం. బంతి చేతి కింద గరగరమంటూ భలే తిరిగింది. పుట్టగొడుగుల మధ్యలోంచి జెర్రి మెలికలు తిరుగుతూ దిగుతుంటే అత్తయ్య లేచొచ్చి, "ఓలమ్మా, వానాకాలం ఇంట్లోకొచ్చేవి చాలవేటే, టీవీలో కూడా జెర్రేనా" అని, కాసేపు చూసి, "కొట్టు, కొట్టు, ఆ పక్కనుంది కొట్టు" అన్నారు. చిన్నోడు పడీపడీ నవ్వాడు.

రేపు ఆ యాభై ఇవ్వాలి. ఇచ్చి ఏం చెప్పాలి? నేనే విప్పాను బాబూ అనాలా? దానంతటదే సర్దుకుంది అని ఇంకో అబద్ధమా? ఈయన్ని పంపిద్దామా అనుకున్నాను కానీ, ఈయన చేతికిస్తే ఆ కుర్రాడు ఈయనకే థాంక్యూ సార్ అంటాడు, అదీ నాకు ఇష్టం లేదు.

ఒక పెన్‌డ్రైవ్ కొందామని వెళ్తాను. ఇంట్లో నాలుగున్నాయి.