ఒడ్డున నిప్పులు, ఆ తర్వాతే ప్రశ్న

యోహాను సువార్త 21వ అధ్యాయం చదివిన ప్రతిసారీ నా చూపు ఆగేది 153 చేపల దగ్గర కాదు, ఒడ్డున ఉన్న నిప్పుల దగ్గర. రాత్రంతా వల వేసినా ఏడుగురు శిష్యులకు ఒక్క చేప దొరకలేదు. తెల్లవారుతుండగా ఒడ్డున నిలబడిన ఒకరి మాట మీద మళ్లీ వల వేస్తే ఆ 153 చేపలు పడ్డాయి. ఆయన చనిపోయి తిరిగి లేచిన ప్రభువైన యేసేనని తెలియగానే పేతురు పైబట్ట చుట్టుకుని తిబెరియ సముద్రంలోకి దూకేశాడు. ఒడ్డుకు చేరేసరికి అక్కడ నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె కనిపించాయి.

బొగ్గుల నిప్పుకు గ్రీకులో యోహాను వాడిన మాట కొత్త నిబంధన మొత్తంలో రెండు చోట్లే వస్తుంది. ఒకటి ఇక్కడ. రెండోది 18వ అధ్యాయంలో, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట. యేసును బంధించిన ఆ రాత్రి చలి కాచుకుంటూ పేతురు "నేను ఆయన శిష్యుణ్ని కాను" అన్నది అలాంటి నిప్పుల దగ్గరే. మళ్లీ ఆ వేడి, ఆ వాసన తగిలినప్పుడు ఆయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో!

ఈ మధ్య పనిచేసే చోట, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఒకరు ప్రార్థన గురించి ఎగతాళిగా మాట్లాడారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్నెవరూ ఏమీ అడగలేదు, నేను అబద్ధం చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అయినా ఆ రాత్రి మోకరిస్తే నోట మాట రాలేదు. ప్రభువు నన్ను ముందుగా అడిగే మాట ఇదే అయ్యుంటుందనిపించింది: "ఎందుకు నవ్వావు?"

కానీ సువార్తలో ఆయన పేతురును ముందుగా అడిగింది అది కాదు. "రండి, భోజనము చేయుడి" అన్నాడు. రొట్టె తీసి ఇచ్చాడు, చేపలూ అలాగే ఇచ్చాడు. వారు భోజనం చేశాకే ప్రశ్న వచ్చింది. ఈ వరుస నాకు ఎంత ఓదార్పో చెప్పలేను. పేతురు క్షమాపణ చెప్పేదాకా ఆయన రొట్టె ఆపలేదు.

అలాగని విషయాన్ని దాటవేయనూ లేదు. "వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా?" అని అడిగాడు. ఆ "వీరికంటె" ఊరికే వచ్చిన మాట కాదనిపిస్తుంది. అందరూ వదిలేసినా నేను మాత్రం వదలను అని పేతురే కదా ఒకప్పుడు అన్నది! జవాబులో మాత్రం ఆ పోలిక లేదు. మూడోసారి అడిగేసరికి నొచ్చుకుని, "ప్రభువా, నీవు సమస్తము ఎరిగినవాడవు" అన్నాడు. తన ప్రేమకు సాక్ష్యంగా చూపడానికి చేతిలో ఏమీ లేనివాడి జవాబు అది. నేను ప్రార్థన మళ్లీ మొదలుపెట్టగలిగింది ఆ ఒక్క వాక్యంతోనే.

అప్పుడు ఆయన అప్పగించిన పని చూడండి: నా గొర్రెలను మేపు. పడిపోయినవాడిని కొన్నాళ్లు పక్కన కూర్చోబెట్టడం మనకు అలవాటు. ఆయన ఆ కూర్చున్న చోటే మందను చేతికిచ్చాడు. ముసలితనంలో నీకిష్టం కాని చోటికి మోసుకుపోతారని కూడా దాచకుండా చెప్పాడు.

ఇంత జరిగాక పేతురు వెనక్కి తిరిగి ఇంకో శిష్యుణ్ని చూశాడు. "ప్రభువా, ఇతని సంగతేమిటి?" అన్నాడు. నాకు బాగా తెలిసిన చూపు అది. నాతోపాటు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ధైర్యంగా సాక్ష్యం చెబుతుంటే సంతోషించాల్సింది పోయి లెక్కలు వేసుకుంటాను. వాళ్లకు ఇంట్లో ఇంత టెన్షన్ లేదుగా, వాళ్లతో పనిచేసేవాళ్లు మంచివాళ్లుగా అని. ప్రభువు జవాబు సూటిగా ఉంది: "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము."

మొదట ఆ మాట కరుకుగా తోచింది. ఇప్పుడు భుజం మీద బరువు దింపినట్టుంది. ఆయన నన్ను అడిగేది నా జవాబే, వాళ్లది కాదు. రేపు మధ్యాహ్నం మళ్లీ అదే బల్ల దగ్గర, అదే మనుషుల మధ్య కూర్చోవాలి. అన్నం ముందు తల వంచి, అందరూ చూస్తుండగానే కృతజ్ఞత చెప్పుకోవాలనుకుంటున్నాను.