పాపం అన్న మాటకు రెండర్థాలు

తెలుగులో 'పాపం' అన్న మాట తప్పు చేసినవాడిని వేలెత్తి చూపడానికీ పనికివస్తుంది, కష్టంలో ఉన్నవాడి మీద జాలిపడటానికీ పనికివస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా పనిచేసిన రోజుల్లో, నా ఎదుట కూర్చున్న మనిషికి తన గుడిలోనో చర్చిలోనో మసీదులోనో ఈ రెండింటిలో ఏది వినబడిందన్న దాన్ని బట్టే మందుల డబ్బా ఖాళీ అవుతుందో లేదో తేలేది.

రోజుకొకటి చొప్పున 30 మాత్రలుండే తెల్ల డబ్బాను ఒకావిడ నా బల్ల మీద బోర్లిస్తే 26 మిగిలి ఉన్నాయి. నాలుగు రోజులు వేసుకున్నాక ఎక్కడో స్వస్థత కూటానికి వెళ్లిందట, తలకు నూనె రాసి ప్రార్థించారట. "దేవుడు నన్ను ముట్టాడు మేడం, ఇంక మందులు వద్దన్నారు" అని ఆమె చెప్పినప్పుడు ఆ ముఖంలోని వెలుగు చూసి, మందులు ఆపేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుందనీ, తర్వాత అవే మందులకు లొంగకపోవచ్చనీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. తాయెత్తు కట్టుకుని ఇలాగే మానేసిన వాళ్లనూ చూశాను కనుక ఇది ఒక్క మతానికి అంటగట్టే నేరం కాదు. ఎల్లమ్మ పేరిట ఆడపిల్లలను జోగినులుగా విడిచి, ఊరి మగవాళ్ల పాలు చేసి, జబ్బుకు ఎదురుగా నిలబెట్టిన ఆచారాన్ని ఆపడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చట్టమే చేయాల్సి వచ్చింది.

ఉగాండాలో మతమే మరో పని చేసింది. ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగిషా భార్య 1991లో చనిపోయారు. పరీక్ష చేయించుకుంటే 1992లో ఆయనకూ హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలింది. దాచుకోవడానికి అన్ని కారణాలూ ఉన్న ఆ రోజుల్లో ఆయన బయటపెట్టారు, ఆఫ్రికాలో అలా చెప్పుకున్న తొలి మతగురువుగా పేరుపడ్డారు. రోగుల మీద జాలి చూపమని ప్రసంగం చేయడం వేరు, ఆ జబ్బున్న మనిషే అంగీ వేసుకుని ప్రసంగపీఠం ఎక్కడం వేరు. అదే దేశంలో ముస్లిం వైద్యుల సంఘం 1990ల ఆరంభంలో ఇమాములకు శిక్షణనిచ్చి, వారికి తోడుగా ఆడా మగా వాలంటీర్లను ఇంటింటికీ పంపింది. కండోమ్ మాటెత్తితే మొదట్లో మతపెద్దలు అభ్యంతరపెట్టారు, కూర్చుని మాట్లాడుకున్నాక ఆ పాఠమూ చేరింది. కండోములు సమస్యను పెంచుతాయని 2009లో అన్న పోప్ బెనెడిక్ట్ కూడా మరుసటి ఏడాదికి కొంత మెత్తబడ్డారు. ఆయన చర్చి నడిపే ఆసుపత్రులలోని సిస్టర్లు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే ఎవరూ ముట్టని రోగులకు స్నానాలు చేయించారు. నాకు ఆ సిస్టర్ల మీదే గురి.

మళ్లీ ఆ మందుల డబ్బా తెచ్చినావిడ సంగతికి వస్తాను. ఆమె అనుమతి లేకుండా ఎవరికీ విషయం చెప్పకూడదు, 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమూ అదే అంటుంది. అందుకని, నీకు నమ్మకమున్న మనిషినెవరినైనా నువ్వే తీసుకురా అమ్మా అన్నాను. వారం తిరిగేసరికి వాళ్ల ఊరి సంఘపెద్ద, వరసకు మేనమామ, వెంట వచ్చాడు. నేను చెప్పినదంతా విని, చొక్కా జేబులోంచి షుగర్ మాత్రల షీటు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ప్రార్థన చేసుకునే ఇవి వేసుకుంటానే అమ్మాయ్. నాకు విశ్వాసం లేదంటావా?"

ఆమె తలవంచుకుని నవ్వింది. తర్వాతి నెల డబ్బాలో ఒక్క మాత్ర మిగిలింది. పెళ్లికి వెళ్లి మరిచిపోయానని నేనడక్కముందే చెప్పింది.