గంటన్నర తేడా

నేను మొదటిసారి దుబాయ్ వెళ్లింది 2006లో, బేగంపేట నుంచి. మా ఇల్లు పక్కనే, రసూల్‌పురాలో. విమానం నెత్తి మీదుగా పోతుంటే మాట ఆపడం, చప్పుడు తగ్గాక మళ్లీ అందుకోవడం మా బస్తీలో అందరికీ అలవాటే. ఆ రోజు అమ్మ విమానాశ్రయానికి రాలేదు. "ఇక్కడి నుంచే కనిపిస్తావు కదా" అని డాబా ఎక్కింది. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు మారాక, నేను సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆ దూరాన్ని తిట్టేది.

నాది ఏసీలు బాగుచేసే పని. భార్యాపిల్లలను తీసుకుపోవాలంటే జీతం 4,000 దిర్హామ్‌లైనా ఉండాలన్నారు. చాలా ఏళ్లు నాకు అంత లేదు. పిల్లలిద్దరూ నానమ్మ దగ్గరే పెరిగారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. బడి ముఖం చూడని అమ్మ ఆ తీసివేతను క్షణంలో చేసేది. "మీ నాన్న ఇప్పుడు బస్సు ఎక్కుతుంటాడు", "ఇప్పుడు డబ్బా విప్పుతుంటాడు" అని పిల్లలకు చెప్పేదట. నా దినచర్య నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఒకసారి ఫోనులో "నీ కూతురు బెత్తెడు పెరిగింది" అంది. బర్ దుబాయ్‌లో గౌను కొంటూ, పాత కొలతకు నా బెత్తెడు కలిపాను. తీరా తెస్తే అది నేల మీద ఈడ్చుకుంటోంది. అమ్మ అంచు లోపలికి మడిచి కుడుతూ, "బెత్తెడంటే నా బెత్తెడురా, నీది కాదు" అంది. మరుసటి ఏడు ఆ కుట్టు విప్పితే సరిగ్గా సరిపోయింది. ఆమె పొరపాట్లకే కాదు, నా పొరపాట్లకు కూడా ఏదో ఒక ఉపయోగం వెతికేది.

గసగసాల గొడవ వేరే. అవి ఆ దేశంలో నిషేధం, సంచిలో దొరికితే జైలుకు కూడా పోవాల్సి రావచ్చు. ఆ మాట చెబితే ఆమెకు నమ్మకం కుదరలేదు. "గసగసాలు వేయనిది మసాలానా బిడ్డా?" అని వారం రోజులు అలిగింది. చివరికి నా కోసం విడిగా పొడి కొట్టడం మొదలుపెట్టింది. చదువు రాదు కాబట్టి, కలిసిపోకుండా నా పొట్లాలకు ఎర్ర దారం కట్టేది. అందులో జీడిపప్పు ఎక్కువ వేసేదని నా భార్య తర్వాత చెప్పింది.

శుక్రవారం నాకు సెలవు. ఆమెకేమో లక్ష్మీపూజ. తలంటుకుని, గడపకు పసుపు రాసి, మధ్యాహ్నం రెండు గంటలకు కిటికీ పక్క కుర్చీలో ఫోను పట్టుకుని కూర్చునేది. 2022 జనవరిలో అక్కడి వారాంతం శని, ఆదివారాలకు మారింది. మా కంపెనీ ఆదివారం సెలవిచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా అమ్మ కుర్చీ మాత్రం శుక్రవారానిదే. నేనే పన్నెండున్నరకు అన్నం గంటలో, ఏదో ఒక భవనం నీడన నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడేవాణ్ని. ఐదు నిమిషాల్లో నాలుగు నేను ఏం తిన్నానన్న దానికే పోయేవి.

నిరుడు కార్తికంలో నిద్రలోనే పోయింది. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. సెలవు కాగితం మీద సంతకానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టింది. నేను చేరేసరికి పాడె కట్టి ఉంది.

కర్మలు ముగిసిన తర్వాతి శుక్రవారం, భోజనాలయ్యాక, తెలియకుండానే వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. గూట్లో ఎర్ర దారం పొట్లాలు మూడున్నాయి. మా అబ్బాయి వచ్చి గోడ గడియారం వైపు చూశాడు.

"నాన్నా, నువ్వు అక్కడ ఉంటే ఇప్పుడు పన్నెండున్నర."